చక్కెర కలపలేదు

"రాసిన ప్రతి మాటా నిజమే అయినప్పుడు, అందులో తప్పు ఎక్కడుంటుంది గురువుగారూ?"

వకుళ ఈ ప్రశ్న అడిగిన రోజు నాకు బాగా గుర్తుంది. కదిరి దాటాక కొండల కింద ఉన్న ప్రకృతి చికిత్సాలయంలో మేం ఐదుగురు శిష్యులం ఉండేవాళ్ళం. తిండితో రోగాన్ని అదుపు చేయడం ఎలాగో జింకా రామాంజులు గారి దగ్గర నేర్చుకుంటున్నాం. ఆయనకు అప్పటికి అరవై దాటాయి. పాఠం చెప్పడానికి వేరే గది అంటూ లేదు. వంటశాల అరుగు మీద కూర్చుని, కొర్రలో అరికలో చేటలో పోసుకుని, చెరుగుతూ, రాళ్ళు ఏరుతూ చెప్పేవారు. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబిచ్చే అలవాటు ఆయనకు లేదు. చేటలో ఉన్న గింజలు పూర్తయ్యేదాకా నోరు విప్పేవారు కాదు. ఆ లోపల సగం ప్రశ్నలు అడిగినవాళ్ళకే అనవసరం అనిపించేవి. వాళ్ళు మెల్లగా లేచిపోయేవాళ్ళు.

వకుళ లేచిపోలేదు. ఆమె చేతిలో ఒక కాగితం ఉంది. పోషకాహారంలో పట్టా పుచ్చుకుని వచ్చిన పిల్ల, మా అందరిలోకీ చురుకైనది. బెంగుళూరులో ఒక బిస్కెట్ల కంపెనీ ఆమెను ఉద్యోగానికి పిలిచింది. కొత్తగా తెస్తున్న చిరుధాన్యాల బిస్కెట్లకు ప్యాకెట్ మీద మాటలు ఆమే రాయాలి. ఆమె పేరు, చదువు, ఫొటో కూడా వేస్తారట. నమూనా రాసి పంపమన్నారు. ఆ నమూనాయే ఆ కాగితం. ముందు పక్కన 'ఏడు చిరుధాన్యాల శక్తి' అని, దాని కింద 'మైదా లేదు', 'పీచు ఉంది' అని రాసింది. వెనక పక్కన ఉండాల్సిన జాబితా కంపెనీవాళ్ళే పంపారు. గోధుమపిండి, చక్కెర, పామాయిల్, ఆ తర్వాత ఏడు ధాన్యాలూ కలిపి నూటికి ఎనిమిది పాళ్ళు.

"ఏడు ధాన్యాలూ ఉన్నాయి. మైదా లేదన్నాం, లేదు. పీచు ఉందన్నాం, కొంచెమైనా ఉంది. ఇందులో ఒక్క మాట అబద్ధం చూపించండి," అంది వకుళ. గొంతులో పొగరు లేదు. నిజంగానే తేల్చుకోలేక అడుగుతోంది. "ఇక్కడ మనం ఏడాదికి రెండొందల మందికి చెప్పగలం. ఆ ప్యాకెట్టు లక్షల ఇళ్ళకు పోతుంది. ఆ కాస్త చిరుధాన్యమైనా వాళ్ళ నోట్లోకి వెళ్తుంది కదా గురువుగారూ."

రామాంజులు గారు చేటలో గింజలు ముగించారు. ఏరిన రాళ్ళను అరుగు అంచున పోశారు. కాగితం అడిగి తీసుకుని, మొదట వెనక పక్కన ఉండే జాబితా చదివి, తర్వాత పైమాటలు చదివి, తిరిగి ఇచ్చేశారు.

"బాగా రాశావు. నేనూ ఒకప్పుడు ఇలాంటిది రాశాను. నీకంటే బాగా రాశాను," అన్నారు.

ఆయన ఒకప్పుడు కంపెనీలో పనిచేశారని మాలో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత ఆయన చెప్పినదాన్ని నాకు గుర్తున్నంతలో ఆయన మాటల్లోనే ఇక్కడ రాస్తున్నాను.

*

మాది ధర్మవరం. మగ్గం నేసే ఇల్లు. అమ్మ, నాయన ఏడాది తేడాతో పోయేనాటికి నాకు ఎనిమిదేళ్ళు. మా అక్క గంగులమ్మకు ఇరవై. నాయన మగ్గం గుంటలో ఆమె కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. పాతికేళ్ళు లేవలేదు. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, "నేను పోతే ఈ పిల్లోనికి కూడెవురు పెడతారు?" అని పోగుల మధ్య నాడె విసిరేది. ఆమె నేసిన పట్టు కట్టుకుని ఎందరో పెళ్ళికూతుళ్ళు పీటల మీద కూర్చున్నారు. ఆమె కూర్చోలేదు. ఆ పట్టే నన్ను మైసూరు పంపి ఆహార విజ్ఞానం చదివించింది.

చదువయ్యాక హైదరాబాదులో ఒక పిండి కంపెనీలో చేరాను. పేరెందుకు, ఇప్పుడది లేదు. పిల్లలకు పాలలో కలిపే పొడులు తయారుచేసేవాళ్ళు. నేను చేరిన ఐదో ఏట మా మేనేజరు నన్ను పిలిచి, దేశంలో చక్కెర జబ్బు పెరుగుతోంది, వాళ్ళ కోసం ఒక రాగి పొడి కావాలన్నాడు.

రాగులతో పొడి చేయడం ఎంతసేపు? కానీ ఉత్త రాగిపొడి నీళ్ళలో కరగదు, అడుగుకు దిగుతుంది. ఉడకబెట్టాలి. రంగు మట్టిరంగు. వేడినీళ్ళలో వేసి కలిపితే చాలు, గ్లాసు నిండా నురగ రావాలి అన్నాడు మేనేజరు. నేను ఆర్నెల్లు కష్టపడి చేశాను. మొక్కజొన్న గంజి నుంచి తీసే తెల్లటి పొడి ఒకటుంది, మాల్టోడెక్స్‌ట్రిన్ అంటారు. ఇట్టే కరుగుతుంది. నాలుకకు తీపి పెద్దగా తెలియదు. పేరులో ఎక్కడా చక్కెర లేదు. ఒంట్లోకి దిగాక మాత్రం చక్కెర ఎంత వేగంగా నెత్తుట్లో కలుస్తుందో ఇదీ అంతే వేగంగా కలుస్తుంది. సగానికి పైగా అది వేశాను. తర్వాత గోధుమ మొలకపిండి. మూడోది రాగులు, నూటికి పద్నాలుగు పాళ్ళు.

డబ్బా మీద రాగి కంకుల బొమ్మ వేశారు. దాని కింద పెద్ద అక్షరాలతో 'రాగుల బలం. చక్కెర కలపలేదు.' ఆ మాటలు నావి. గ్లాసుకు రెండు చెంచాలు అని రాసిందీ నేనే. రెండు చెంచాలతో అది పలుచటి నీళ్ళలా ఉంటుందనీ, అంతటితో ఎవరూ ఆపరనీ నాకు తెలుసు. చెంచాలు తగ్గించి రాస్తే, గ్లాసుకు ఇంత అని వెనక వేసే పిండిపదార్థాల అంకెలు కూడా తగ్గుతాయి.

చట్టం ముందు ఇది నిలబడుతుందా అని పైవాళ్ళు అడిగితే జవాబు నేనే రాసిచ్చాను. రాగులున్నాయి కాబట్టి మొదటి మాట నిజం. చక్కెర వేయలేదు కాబట్టి రెండోది నిజం. వెనక పక్కన చిన్న ఇంగ్లీషు అక్షరాలతో ఏది ఎక్కువుందో అది ముందు వచ్చేలా సరుకులన్నీ వరసగా అచ్చు వేయించాం. దాచింది ఏమీ లేదు. ఆ రోజుల్లో నా ధైర్యమంతా అదే. దాచలేదు కదా అని.

అక్కకు అప్పటికే రెండేళ్ళుగా చక్కెర జబ్బు ఉంది. అయితే అదుపులో ఉంది. పొద్దున రాగిసంకటి, నంజుకోను ఊరిబిండి. మధ్యాహ్నం జొన్నరొట్టె, ఆకుకూర. సాయంత్రం ఆకలేస్తే ఉలవగుగ్గిళ్ళు. ఎవరో డాక్టరు రాసిచ్చిన పథ్యం కాదు అది, ఆమె పుట్టినప్పటినుంచీ తింటున్న తిండి. దాని పుణ్యాన ఆమెకు చిన్న మాత్రతో గడిచిపోయేది.

ఉగాదికి ఇంటికి వెళ్ళాను. వంటింటి గూట్లో నాలుగు డబ్బాలు వరసగా పెట్టి ఉన్నాయి. మూడు ఖాళీవి. బొమ్మ ముందుకు కనబడేలా పెట్టింది. నేను తెచ్చిచ్చినవి కావు. కొత్త డబ్బా మీద మాటలు నేనే రాశానని అంతకుముందు ఒక ఉత్తరంలో గొప్పగా రాసుకున్నాను. అది చదివి ఆమే అంగడికి పోయి అడిగి తెచ్చుకుంది. ఆమె అయిదో తరగతి దాకా చదివింది. తెలుగు బాగా చదువుతుంది.

"సంకటి కెలికే పని తప్పింది రా అబ్బీ," అంది. "పొయ్యి ముట్టించే పని లేదు, తెడ్డు పట్టే పని లేదు. మగ్గం దిగకుండానే తాగుతాండా. పొద్దున ఒకటి, మధ్యాన్నం ఒకటి, పొద్దు గూకినాక ఒకటి."

"ఎన్ని చెంచాలు వేసుకుంటావక్కా?"

"నాలుగు ఏస్తే చిక్కగా ఉంటాది."

నేను లెక్క తెలిసినవాణ్ణి. మూడు నాలుగులు పన్నెండు. ఇంతలో పక్కింటి హుసేన్ బీ వచ్చింది. ఆమె తల్లికీ చక్కెరే. అక్క గూట్లోంచి నిండు డబ్బా తీసి ఆమె చేతికిచ్చి, అక్షరాల మీద వేలు పెట్టి చూపించింది. "ఇదిగో చూడు, చక్కెర కలపలేదు. మా తమ్ముడు రాసినాడు. నా కోసమే రాసినట్టుంది." హుసేన్ బీ నా వైపు చూసి, కొంగు సర్దుకుని, "చదువంటే ఇట్లా పదిమందికి పనికిరావల్ల," అంది.

అక్కా, ఇది తాగొద్దు. ఇంతే చెప్పాల్సింది. ఆ రోజంతా ఆ మాట నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది. ఆమె మొహంలో సంతోషం చూసి చెప్పలేకపోయానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. చెబితే, మరి ఎందుకు రాసినావు అని అడుగుతుంది. దానికి జవాబు లేక చెప్పలేదు.

బయల్దేరే ముందు మాత్రం, "సంకటి మానొద్దక్కా. అది కూడా తింటూ ఉండు," అన్నాను.

ఆమె నవ్వింది. "ఇదీ రాగులే, అదీ రాగులే. రెండూ ఎందుకు రా?"

నేను బస్సెక్కాను.

దీపావళి దాటిన తర్వాత ఉత్తరం వచ్చింది. పడుగు మీద నల్లపోగు ఒకటి కనబడుతోందనీ, ఎంత తీసినా రావడం లేదనీ రాసింది. నేను పట్టించుకోలేదు. నాలుగు వారాలకు పక్క మగ్గం నాగలింగం ఫోన్ చేశాడు. "మీ అక్క తెల్లచీర మీద లేని పోగులు ఏరుతాంది అన్నా. నిన్న జరీ తెగితే అతకలేక గంటసేపు కూచునింది. నువ్వొకసారి రా." పోగు తెగితే కళ్ళు మూసుకుని అతికే మనిషి ఆమె.

అనంతపురంలో కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. రుక్సానా అని, నడివయసు ఆవిడ. చాలాసేపు పరీక్ష చేసింది. ఎడమ కంట్లో లోపల రక్తం కారిందనీ, అక్కకు కనబడుతున్న నల్లపోగులు అవేననీ చెప్పింది. చక్కెర ఎంతుందో చూసి అడిగింది.

"ఏం తింటున్నారమ్మా?"

అక్క బడిపిల్ల పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది. "అన్నం మానేసినా. పండగనాడు కూడా బెల్లం ఓళిగ ముట్టలేదు. కాఫీలో చక్కెర ఏసుకోను. అరటిపండు కూడా తినను తల్లీ."

"మరి రోజంతా ఏం తిని ఉంటున్నారు?"

అక్క చేతిసంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. ఆమె దాన్ని వెంట తెచ్చిందని నాకు తెలియదు. డాక్టరుకు చూపిస్తే మిగతా రోగులకు కూడా చెబుతుందని తెచ్చిందట. డాక్టరు ముందు పక్కన చూసింది. తిప్పింది. కళ్ళజోడు పైకి తోసుకుని వెనక అక్షరాలు చదివింది.

"ముందు పక్కన ఉండేది అమ్మేవాళ్ళ మాటమ్మా. సరుకు వెనక పక్కన ఉంటుంది," అంది. గొంతులో కోపం లేదు, రోజూ చెప్పే మాటే అన్నట్టుంది. "ఇందులో ముప్పాతిక భాగం రాగులు కానే కావు. మొదట రాసి ఉన్నది చక్కెరకు అన్నదమ్ములాంటిది. రోజుకు పన్నెండు చెంచాలు తాగారు మీరు. దీనికి బదులు పండక్కి రెండు ఓళిగలు తిని ఉన్నా ఇంత దూరం వచ్చేది కాదు." డబ్బా వెనక్కి ఇస్తూ అడిగింది. "ఇది మీకు మంచిదని ఎవరు చెప్పారు?"

అక్క నా వైపు చూడలేదు. డబ్బా తీసి సంచిలో పెట్టుకుని, సంచి మూతి ముడివేసుకుంది.

కంట్లో మందు వేశారు కాబట్టి బయట ఎండకు ఆమెకు ఏమీ కనబడలేదు. చెయ్యి పట్టుకుని బస్టాండుకు నడిపించాను. చిన్నప్పుడు బడికి ఆమె నన్ను అలాగే తీసుకుపోయేది. బల్ల మీద కూర్చున్నాక అడిగింది.

"వెనక రాసిండేది కూడా నువ్వేనా?"

"నేనే అక్కా."

"అయితే నీకు తెలుసు."

అది ప్రశ్న కాదు. ధర్మవరం చేరేదాకా తిడుతుందని ఎదురుచూశాను. ఏడుస్తుందని ఎదురుచూశాను. బస్సు దిగాక ఆమె అన్నది వేరు.

"హుసేన్ బీ వాళ్ళమ్మ తాగుతాంది. నాగలింగం పెండ్లాము తాగుతాంది. పోతులయ్య మామ తాగుతాండాడు. అందరికీ నేనే చెప్పినా. పద, పోయి చెప్పొద్దాం."

ఇంటికి పోయి కాస్త పడుకో అక్కా, రేపు పోదాం అన్నాను. "రేపటికి ఇంకో మూడు గ్లాసులు తాగుతారు," అంది.

నా చెయ్యి పట్టుకుని మా వీధిలో ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి గడపలోనూ ఒకటే మాట. "నేను తెలీక చెప్పినా. ఆ డబ్బా పొడి చక్కెర జబ్బోళ్ళు తాగేది కాదు. సంకటే తినండి." నాగలింగం భార్య తల ఊపి ఊరుకుంది. హుసేన్ బీ ఊరుకోలేదు. ఆమె తల్లి కాలి పుండు నెల నుంచీ మానడం లేదు. "చక్కెర కలపలేదని ఏలు పెట్టి చూపించింది నువ్వే కదక్కా," అంది. అక్క, "నేనే చూపించినా. తప్పయింది," అని రెండు చేతులూ జోడించింది. ఎటువైపు జోడించాలో సరిగ్గా తెలియక కొంచెం పక్కకు తిరిగి జోడించింది. నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను.

చివరి ఇల్లు పోతులయ్యది. మా నాయనతోటి నేతగాడు, అక్కకు మగ్గం మీద చెయ్యి తిప్పడం నేర్పినవాడు. అంతా విన్నాడు. నన్ను పైనుంచి కిందకు చూశాడు.

"ఇది మీవాడు రాసిందే కదమ్మా. వానికి తెలీదా?"

నేను నోరు తెరిచాను. ఆమె నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"వానికేం తెలుసు మామా. కంపెనీవాళ్ళు చెప్పింది రాసినాడు, అంతే."

ముసలాయన, "పాపం, వాడు మాత్రం ఏం చేస్తాడులే," అన్నాడు. నాకు మజ్జిగ ఇప్పించాడు. నేను తాగాను.

మా అక్క అబద్ధమాడగా నేను విన్నది ఆ ఒక్కసారే. దాన్ని అక్కడే దిద్దడానికి నాకు ఆ గడప దాటేంతసేపు వ్యవధి ఉంది. దాటేశాను.

ఎడమ కన్ను పోయింది. కుడి కంటికి లేజరు చేసి మసకగా నిలబెట్టారు. మనుషుల్ని పోల్చుకునేది కానీ పోగును పోల్చుకోలేకపోయేది. మగ్గం మీద సగం నేసిన చీర ఉండిపోయింది. కావిరంగు అంచు, లోపల తెలుపు. నాగలింగం కూర్చుని పూర్తి చేశాడు. ఆమె ఆ పక్కనే చాప మీద కూర్చుని, చేత్తో తడుముకుంటూ అతనికి దారం కండెలు చుట్టి ఇచ్చేది. మళ్ళీ సంకటికీ రొట్టెకూ వచ్చాక మూడు నెలల్లో చక్కెర దిగింది. చూపు తిరిగి రాలేదు.

నేను హైదరాబాదు పోయి ఆ మాటలు మార్చమన్నాను. కనీసం రాగులు నూటికి ఎన్ని పాళ్ళు ఉన్నాయో ముందు పక్కన వేయమన్నాను. మేనేజరు సొరుగు లాగి ఒక కాగితం నా ముందు పెట్టాడు. నేను రాసిచ్చిన జవాబే. మొదటి మాట ఎందుకు నిజమో, రెండో మాట ఎందుకు నిజమో. "ఇందులో అబద్ధం ఏదో నువ్వే చూపించు," అన్నాడు. చూపించలేకపోయాను. రాజీనామా ఇచ్చి బయటికి వచ్చాను. నేను వచ్చాను కానీ నా మాటలు ఆ డబ్బా మీదే ఉండిపోయాయి. ఇంకో ఆరేళ్ళు అమ్ముడుపోయాయి. రైల్లో వెళ్తుంటే ఏ స్టేషనులోనో అంగడి తాడుకు వేలాడుతూ కనబడేవి.

హుసేన్ బీ తల్లికి కాలు తీసేశారు. ఆ పొడి వల్లేనా అని నన్నడిగితే చెప్పలేను. పుండు అంతకుముందే ఉండిందో, ఎంత తాగిందో ఎవరికి తెలుసు? కాదని కూడా చెప్పలేను. ఆ వీధిలో నాకు తెలిసినవాళ్ళు నలుగురు. తెలియని వీధులు ఎన్నో.

నేను ఇంటికి వచ్చేశాను. అక్కకు వంట చేసేవాణ్ణి. పొయ్యి ముందు కూర్చుని సంకటి కెలుకుతుండగా ఒకరోజు, ఇంక ఉండబట్టలేక, "అక్కా, ఆ ఉగాదినాడే నేను నీకు చెప్పి ఉంటే..." అని మొదలుపెట్టాను.

"ముందు అది కెలుకు," అంది. "అడుగంటుతాంది."

అంతకు మించి మా ఇద్దరి మధ్యా ఆ ప్రస్తావన ఎప్పుడూ రాలేదు. ఆమె ఇంకో తొమ్మిదేళ్ళు బతికింది. ఆ తొమ్మిదేళ్ళూ ఆమె పళ్ళెంలో ఏది ఎలా పని చేస్తుందో గమనించడమే నా చదువైంది. ఇక్కడ మీకు చెప్పేదంతా అదే. మొదటి చదువులోది ఒక్క ముక్క కూడా మీకు చెప్పలేదు. ఇవాళ వకుళ అడిగింది కాబట్టి చెప్పాను.

*

రామాంజులు గారు ఆగారు. వంటశాల లోపల ఎసరు మరుగుతోంది. మేం ఒకరినొకరం చూసుకోలేదు. ఆయన తెలియని మనిషిలా ఉన్నారు నాకు. ఆయన మీద కోపం కూడా వచ్చింది. పోతులయ్య ఇంట్లో ఆయన నోరు విప్పాల్సిందని నేను ఆ రోజే కాదు, తర్వాత కూడా చాలాసార్లు అనుకున్నాను. ఆయనా అదే అనుకుంటూ బతికారని అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది.

వకుళ కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మడవలేదు, చించలేదు. మళ్ళీ అడిగింది. ఈసారి వాదన కోసం అడగలేదు. ఎప్పుడో జరిగిపోయినదాన్ని ఎలాగైనా ఆపాలని చూస్తున్నట్టుంది ఆమె గొంతు.

"ఇంగ్లీషు రాకపోతేనేం గురువుగారూ. ఇంటి చుట్టూ చదువుకున్న పిల్లలు ఉండే ఉంటారు. ఆమె ఒక్కసారి ఎవరిచేతనైనా ఆ వెనక పక్కన చదివించుకుని ఉంటే?"

రామాంజులు గారు మరో దోసెడు గింజలు చేటలో పోసుకున్నారు. ఈసారి చెరగడం మొదలుపెట్టకుండానే జవాబు చెప్పారు.

"వేరేవాళ్ళు రాసి ఉంటే చదివించుకునేదేనమ్మా."